రిపోర్టు మారలేదు, వెన్ను మాత్రం అతుక్కుంటోంది

'ఎల్1 వెన్నుపూస ముందుభాగం నలిగింది. ఎత్తు సుమారు 30 శాతం తగ్గింది.' బాత్‌రూంలో జారిపడిన పెద్దావిడ స్కాన్ రిపోర్టులో ఇలాంటి వాక్యం ఉంటుంది. మూడు నెలలు బెల్టు పెట్టుకుని, మందులు వాడి, మళ్లీ ఫిల్మ్ తీయిస్తే అందులోనూ అదే వాక్యం. పాత ఫిల్ముతో పోలిస్తే మార్పేమీ లేదని కింద ఇంకో మాట. ఇంటిల్లిపాదీ డీలాపడేది అక్కడే. ఇన్నాళ్లు మంచాన ఉండి, ఇన్ని మాత్రలు మింగి, ఇంత ఖర్చు పెట్టినా ఏమీ అతుక్కోలేదా అని బెంగ. డాక్టరు మాత్రం ఆ మాట చదివి 'బాగుందమ్మా' అంటారు. ఆయనకు అందులో ఏం కనిపించిందో విడమరిచి చెప్పే తీరిక ఓపీ రద్దీలో ఉండదు. చెప్పాల్సిన విషయం మాత్రం చాలా ఉంది.

వెన్నులో కదిలే పూసలు 24. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5. ఛాతీ పూసలను పక్కటెముకలు పట్టి ఉంచుతాయి కనుక అవి పెద్దగా కదలవు. నడుము పూసలు వంగుతాయి, లేస్తాయి. కదలని భాగం వచ్చి కదిలే భాగాన్ని కలిసే చోటే పడినప్పటి అదురు ఎక్కువగా తగులుతుంది. అందుకే రిపోర్టుల్లో తరచుగా కనిపించే పేర్లు డి12, ఎల్1, అంటే ఛాతీ చివరి పూస, నడుము మొదటి పూస. కొన్ని సెంటర్లలో డి12ను టి12 అని రాస్తారు, పూస అదే.

తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికుడు కాళ్ల మీద పడితే ముందు మడమ ఎముక చితుకుతుంది. అక్కడితో ఆగని బలం కాళ్లగుండా, కటిగుండా పైకి వెళ్లి ఇదే సంధి దగ్గర పూసను నలిపేస్తుంది. మడమ విరిగి వచ్చినవాళ్లకు నడుముకు కూడా ఫిల్మ్ తీయాలని ఎముకల డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే. మడమ నొప్పి ముందు నడుము నొప్పి తెలియక, వారం తర్వాత బయటపడిన సందర్భాలు ఉంటాయి. తెలంగాణలో 2024 నుంచి గీత కార్మికులకు కాటమయ్య పేరిట భద్రతా కిట్లు ఇస్తున్నారు. మోకు, ముస్తాదుల మీదే ప్రాణం పెట్టుకుని ఎక్కే వృత్తిలో ఇది ఎప్పుడో రావాల్సింది.

పూస లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పూసకు పైన పలుచని గట్టి పెంకు ఉంటుంది. లోపలంతా సన్నని ఎముక పుల్లల అల్లిక, ఆ సందుల్లో మూలుగ. చెయ్యి విరిగినట్టు ఇది రెండు ముక్కలుగా విరగదు. మరమరాల ఉండను ఒక అంచున గట్టిగా అదిమితే అక్కడి సందులు మూసుకుపోయి, మరమరాలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని, ఆ అంచు కురచవుతుంది కదా, పూస ముందుభాగం కూడా అలాగే కురచవుతుంది. పుల్లలు విరిగి ఒకదానిలో ఒకటి దిగబడతాయి. పక్కనుంచి చూస్తే పూస ఆకారం ముందు సన్నగా, వెనుక మందంగా కనిపిస్తుంది. ఈ రకం విరుపులో ముక్కలు దూరం జరగవు కాబట్టి సరిచేసి పిండికట్టు వేయాల్సిన పని సాధారణంగా ఉండదు. 'కాలికి వేసినట్టు కట్టు వేయరేం?' అన్న ప్రశ్నకు జవాబు ఇదే. పుత్తూరు కట్టు మీద మన జనానికి ఎంత నమ్మకమో తెలిసిందే. కానీ వెన్నుపూస విషయంలో లాగడం, తొక్కించడం, మర్దన చేయించడం మాత్రం ఎక్కడా వద్దు. పూస వెనుకే వెన్నుపాము ఉంది.

ఇక రిపోర్టు దగ్గరికి వద్దాం. ఎక్స్‌రే చూపేది ఆకారం. పూస కురచైందని చెబుతుంది గానీ, నిన్న కురచైందో పదేళ్ల కిందట కురచైందో చాలాసార్లు చెప్పలేదు. ఇది చిన్న సంగతేం కాదు. పెద్ద వయసులో నలిగే పూసల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆ సమయానికి ఎవరి దృష్టికీ రావు. నాలుగు రోజులు నడుము పట్టేసిందనుకుని జండూబామ్ రాసుకుని సరిపెట్టుకుంటారు. తర్వాత వేరే కారణానికి ఫిల్మ్ తీస్తే పాత నలుగుడు కనపడి, కొత్త నొప్పికి అదే కారణమనిపిస్తుంది.

సీటీ స్కాన్ ఎముక ముక్కలను స్పష్టంగా చూపుతుంది. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన ఆ యంత్రంతో 1971లో లండన్‌లో మొదటి రోగికి స్కాన్ చేశారు. పూస వెనుక గోడ విరిగిందా, ముక్క ఏదైనా వెన్నుపాము ఉండే కాలువలోకి జరిగిందా అన్నది తేల్చడానికి ఇప్పటికీ దానికి సాటి లేదు. ఎంఆర్‌ఐ చూసేది మరొకటి. ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ ఇచ్చే సంకేతాలతో అది బొమ్మ కడుతుంది. కొత్తగా నలిగిన పూసలో నెత్తురు, నీరు చేరతాయి. కొవ్వు సంకేతాన్ని అణచివేసి తీసే 'స్టిర్' అనే పద్ధతిలో ఆ తడి తెల్లగా మెరుస్తుంది. రిపోర్టులో 'మూలుగలో వాపు', 'మ్యారో ఎడీమా' అని రాసేది దీన్నే. మెరిస్తే గాయం కొత్తది, లేదా ఇంకా మానే దశలో ఉంది. పక్క పూసలాగే నల్లగా ఉంటే అది పాతది. నలిగిన పూసలు మూడు కనిపించినా మెరిసేది ఒక్కటే అయితే, ఇప్పటి నొప్పి మూలం ఎక్కడుందో డాక్టరుకు తెలిసిపోతుంది.

ఎత్తు ఎంత తగ్గిందన్న శాతం చూసే అందరూ ముందు భయపడతారు. హ్యారీ జెనాంట్ బృందం 1993లో ఇచ్చిన కొలత ప్రకారం 20 నుంచి 25 శాతం తగ్గితే స్వల్పం, 25 నుంచి 40 అయితే మధ్యస్థం, 40 దాటితే తీవ్రం. ఈ శాతం ముఖ్యమే గానీ, ఆపరేషన్ కావాలా వద్దా అన్నది దీని ఒక్కదాని మీదే తేలదు. 1983లో ఫ్రాన్సిస్ డెనిస్ 412 వెన్ను గాయాలను పరిశీలించి, వెన్నును ముందు, నడుమ, వెనుక అని మూడు నిలువు స్తంభాలుగా చూడమన్నాడు. ముందు స్తంభం ఒక్కటే నలిగితే వెన్ను నిలబడుతుంది. పూస వెనుక గోడ కూడా, అంటే నడిమి స్తంభం కూడా దెబ్బతింటే జాగ్రత్త పడాలి. వెనుక ఉన్న బంధకాలు కూడా తెగితే వెన్ను నిలకడ పోయినట్టే. తర్వాత ఎన్నో మెరుగైన వర్గీకరణలు వచ్చినా ఈ చూపు ఇంకా పనికొస్తోంది. కనుక శాతం కంటే ముందు రిపోర్టులో వెతకాల్సింది వెనుక గోడ, వెనుక బంధకాలు ఎలా ఉన్నాయన్న మాట, 'రెట్రోపల్షన్' అనే పదం. అంటే ఎముక ముక్క వెనక్కి, కాలువలోకి జరగడం. వెన్నుపాము పెద్దవాళ్లలో సుమారు ఎల్1, ఎల్2 దగ్గర ముగుస్తుంది. ఆ కింద ఉండేది నరాల కట్ట. అదే పరిమాణంలో ఉన్న ముక్క డి12 దగ్గర చేసే కీడు ఎల్4 దగ్గర చేసేదానికన్నా ఎక్కువ కావడానికి కారణం ఇదే.

రిపోర్టు చివర్లో ఇంకో చిట్టా ఉంటుంది. ఎల్4–ఎల్5 డిస్క్ ఉబ్బింది, అరుగుదల ఉంది, చిన్న ఎముక ముళ్లు ఉన్నాయి. జారిపడినప్పుడే ఇవన్నీ వచ్చాయని చాలామంది అనుకుంటారు. 2015లో బ్రింజిక్జీ బృందం, నొప్పే లేని 3,110 మంది స్కాన్ల మీద వచ్చిన పరిశోధనలను కలిపి చూసింది. నడుము నొప్పి లేని 20 ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. 80 ఏళ్లవాళ్లలో అది 84 శాతం, డిస్క్ అరుగుదల 96 శాతం. వయసుతో జుట్టు నెరిసినట్టే ఇవీ వస్తాయి. నడుము విరిగి భయంతో ఉన్న మనిషికి ఈ చిట్టాను వివరణ లేకుండా చేతికివ్వడం అన్యాయమని నా అభిప్రాయం. రిపోర్టు కింద, ఈ వయసులో ఇవి మామూలేనని ఒక్క వాక్యం రాస్తే ఎందరికో నిద్ర పడుతుంది.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. నలిగిన ప్రతి పూసా దెబ్బ వల్లే నలగదు. మన దేశంలో వెన్నుకు వచ్చే క్షయ ఇంకా ఉంది. అది సాధారణంగా రెండు పూసల మధ్య డిస్కును, దాన్ని ఆనుకున్న అంచులను తినేస్తుంది, పక్కన చీము చేరుతుంది. వేరే చోటి క్యాన్సర్ పూసకు పాకినా, మైలోమా అనే మూలుగ క్యాన్సర్ వచ్చినా పూస కుంగుతుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే డాక్టరు రక్త పరీక్షలు, బయాప్సీ అడుగుతారు. వాటిని అనవసరపు ఖర్చుగా చూడొద్దు.

ఇప్పుడు మొదటి బెంగకు వద్దాం. మూడు నెలలైనా ఎత్తు ఎందుకు పెరగలేదు? పెరగదు కాబట్టి. నలిగిన పుల్లలు ఆ కురచ ఆకారంలోనే ఒకదానికొకటి అతుక్కుంటాయి. దెబ్బ తగిలిన చోట ముందు నెత్తురు గడ్డకడుతుంది. రోగనిరోధక కణాలు వచ్చి శిథిలాలను ఊడ్చేస్తాయి. రెండు మూడు వారాల్లో మెత్తని కొత్త కణజాలం అల్లుకుంటుంది. ఆరు నుంచి పన్నెండు వారాల్లో అది సున్నం పట్టి గట్టిపడుతుంది. ఆ పైన నెలలు, ఒక్కోసారి ఏళ్లపాటు, ఎముకను తినే కణాలు, కట్టే కణాలు కలిసి దాన్ని బరువు పడే దిశకు తగ్గట్టు తిరగరాస్తూ ఉంటాయి. ఇందులో ఏ దశలోనూ పూసను పైకి లేపే పని లేదు. కాబట్టి 30 శాతం తగ్గిన ఎత్తు మూడు నెలల తర్వాతా 30 శాతమే ఉందంటే, ఆ పూస ఇంకా కుంగలేదు, బరువు మోస్తూ నిలబడింది అని. మొదటి వారాల్లో డాక్టరు భయపడేది 30 కాస్తా 50 అవుతుందేమోనని. మార్పు లేదన్న మాట ఆయనకు శుభవార్త అయ్యేది అందుకే. ఎంఆర్‌ఐలో మెరుపు కూడా నొప్పి తగ్గాక నెలల తరబడి మిగిలి ఉండొచ్చు. నొప్పి తగ్గుతూ నడక పెరుగుతున్న మనిషికి, ఎంఆర్‌ఐలో తెల్లదనం పోయిందో లేదో చూద్దామని మళ్లీ మళ్లీ స్కాన్ తీయించాల్సిన అవసరం లేదు.

ఎముక అతుక్కున్నాకా నొప్పి ఉంటుంది, దానికి వేరే కారణాలున్నాయి. పూస ముందుకు వాలిపోయినందున ఒంటి బరువు ముందుకు పడుతుంది. నిటారుగా నిలబడాలంటే వీపు కండరాలు రోజంతా అదనంగా లాగాలి. వెనుక ఉన్న చిన్న కీళ్ల మీద కొత్త ఒత్తిడి. పైగా వారాల మంచం వల్ల ఆ కండరాలే కరిగిపోయాయి. కండరం కరగడానికి రోజులు చాలు, తిరిగి రావడానికి నెలలు కావాలి. మంచం ఎముకకూ మేలు చేయదు. బరువు పడని అంతరిక్షంలో వ్యోమగాములకు కటి, వెన్ను ఎముకల్లో నెలకు 1 నుంచి 1.5 శాతం సాంద్రత తగ్గుతుంది. మొదటి కొద్దిరోజుల విశ్రాంతి తప్పదు. ఆ తర్వాత డాక్టరు లేవమన్నా లేవనివ్వని ఇంటివారి ప్రేమ రోగికి చేటు చేస్తుంది.

అయితే ఎలా లేవాలి, ఏది చేయకూడదు అన్నదానికి ఒక అందమైన ప్రయోగం ఆధారంగా ఉంది. జర్మనీలోని ఉల్మ్‌లో విల్కె బృందం 45 ఏళ్ల వ్యక్తి నడుము డిస్కులో ఒత్తిడిని కొలిచే పరికరాన్ని అమర్చి, ఒక రోజంతా ఆయన రోజువారీ పనులు చేస్తుంటే నమోదు చేసింది. ఫలితాలు 1999లో వచ్చాయి. పడుకుంటే ఒత్తిడి 0.1 మెగాపాస్కల్. నిలబడితే 0.5. నిలబడి ముందుకు వంగితే 1.1. వీపు వంచి 20 కిలోలు ఎత్తితే 2.3. అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తితే 1.7, ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1. నలిగింది పూస ముందుభాగం, వంగినప్పుడు ఒత్తిడి పడేదీ అక్కడే. నడవమని చెప్పే డాక్టరే బిందె ఎత్తొద్దు, వంగి ఊడ్వొద్దు, కింద కూర్చుని కూరగాయలు తరగొద్దు అనడం వెనుక ఉన్న లెక్క ఇది. ముగ్గు, చీపురు, గ్యాస్ బండ కొన్నాళ్లు వేరేవాళ్ల పని. వెస్టర్న్ టాయిలెట్ లేని ఇంట్లో ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ కొనడం ఖరీదైన బెల్టు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

మంచం దిగే తీరు నేర్చుకోవాలి. వెల్లకిలా ఉన్న మనిషి ముందు రెండు మోకాళ్లు మడవాలి. భుజం, తుంటి, మోకాళ్లు ఒకేసారి కదిలేలా, నడుము మెలిపడకుండా పక్కకు ఒత్తిగిలాలి. పాదాలను మంచం అంచు దాటించి కిందికి జార్చుతూనే, కింది మోచేతిని, పై అరచేతిని పరుపు మీద నొక్కి పైకి లేవాలి. కాళ్ల బరువే సగం పని చేసిపెడుతుంది. లేచి ఒక నిమిషం కూర్చున్నాకే నిలబడాలి. చేయి పట్టి లాగి లేపే అలవాటును ఇంటివారు మానుకోవాలి. ఆ లాగుడుకు నడుము మెలితిరుగుతుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలకు మలబద్ధకం మామూలు. ముక్కితే నొప్పి పెరుగుతుంది. మొదటి రోజు నుంచే నీళ్లు, పీచు, అవసరమైతే విరేచనం మందు గురించి అడగాలి. సిగరెట్టు, బీడీ, గుట్కా ఉంటే మానాలి. పొగతాగేవారికి ఎముక ఆలస్యంగా అతుకుతుంది.

చికిత్సల గురించి క్లుప్తంగా. పూస పగిలి అన్ని వైపులా చెదిరినా నరాలకు దెబ్బ లేనివారిలో, ఆపరేషన్ చేసినవారినీ చేయనివారినీ కిర్క్‌హామ్ వుడ్ బృందం పోల్చి 2003లో ప్రచురించింది. ఆపరేషన్ వల్ల చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. ఇలాంటి గాయాల్లోనే బెల్టు వేసుకున్నవారికీ వేసుకోనివారికీ తేడా లేదని 2014లో కెనడా పరిశోధన చూపింది. అందుకని మీ బెల్టు తీసి పారేయమని కాదు. కూర్చునేటప్పుడు, నడిచేటప్పుడు అది ధైర్యాన్నిస్తుంది, వంగకుండా గుర్తుచేస్తుంది. పడుకున్నా తీయకుండా నెలల తరబడి ఉంచుకుంటే కండరాలు బద్ధకిస్తాయి. పూసలోకి సిమెంటు ఎక్కించే వర్టిబ్రోప్లాస్టీ ఫ్రాన్స్‌లో 1984లో మొదలైంది. 2009లో ఆస్ట్రేలియా, అమెరికాల్లో చేసిన రెండు పరిశోధనల్లో, సూది గుచ్చి సిమెంటు ఎక్కించని ఉత్తుత్తి చికిత్స కన్నా అది మెరుగని తేలలేదు. నొప్పి మరీ తీవ్రంగా ఉన్న తొలి వారాల్లో కొందరికి ఉపయోగపడవచ్చని 2016 నాటి మరో పరిశోధన చెప్పింది. అందరికీ కావాల్సింది మాత్రం కాదు. కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరి వచ్చినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ గంటలు లెక్క.

కోలుకునే దారి తిన్నగా పోదు. నాలుగు మంచి రోజుల తర్వాత ఒక పాడు రోజు వస్తుంది. మళ్లీ విరిగిందేమోనని గుండె గుభేలుమంటుంది. చాలాసార్లు అది ముందురోజు పెళ్లికి వెళ్లి మూడు గంటలు కుర్చీలో కూర్చున్నందుకు అలసిన కండరం ఇచ్చే నొప్పే. కొద్దిగా తగ్గించి, ఆపకుండా నడవాలి. నిన్నటితో పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది, పోయిన నెలతో పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. గుమ్మం దాకా నడవగలిగిన మనిషి గుడి దాకా వెళ్తున్నదా, నొప్పి మాత్రలు మూడు నుంచి ఒకటికి తగ్గాయా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది అన్నవే అసలు కొలతలు, ఇవేవీ ఫిల్ములో పడవు. భయంతో కదలడం మానేసినవారికి నొప్పి ఎక్కువ కాలం ఉంటుంది. రోజుకూలీకి ఈ మాటలన్నీ సరిపోవని తెలుసు. ఆరు నెలలు బరువెత్తకపోతే ఇల్లు గడవదు. అలాంటి మనిషికి ఎన్ని వారాల తర్వాత ఏ పని చేయొచ్చో డాక్టరు కాగితం మీద రాసివ్వాలి. పరిహారానికైనా, మేస్త్రితో తేలికపాటి పని గురించి మాట్లాడటానికైనా ఆ కాగితం కావాలి.

పెద్ద వయసులో చిన్న జారుడుకే పూస నలిగితే, కథ ఆ పూసతో అయిపోలేదు. పూస నలిగిన స్త్రీలలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఏడాది లోపే మరో పూస నలుగుతుందని 2001లో లిండ్సే బృందం లెక్కగట్టింది. మన దగ్గర ఈ మొదటి దెబ్బకు నొప్పి మాత్రలు, బెల్టు ఇచ్చి పంపేస్తుంటారు. ఎముక గుల్లబారిందా అని చూడకుండా వదిలేయడం నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5, లేదా అంతకన్నా కిందికి ఉంటే ఆస్టియోపొరోసిస్ అంటారు. అసలు చిన్న జారుడుకే పూస నలగడమే చాలినంత సాక్ష్యం. ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఊళ్లో మోకాళ్ల నొప్పులకు పేరు చెప్పకుండా ఇచ్చే పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు.

నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాలవారికి ఇంకో చిక్కు. ఫ్లోరైడ్ ఎముకను దట్టంగా చేస్తుంది, బలంగా చేయదు. 1990లో అమెరికాలో ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూసినప్పుడు వెన్ను సాంద్రత నాలుగేళ్లలో 35 శాతం పెరిగింది గానీ పూసలు నలగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకల విరుపులు పెరిగాయి. అక్కడివారి డెక్సా అంకె బాగుందని నిశ్చింతగా ఉండకూడదు.

తిండిలో రోజుకు 1,000 మి.గ్రా. కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో, ఉత్తరాంధ్రలో చోళ్లనే వాటిలో, సుమారు 350 మి.గ్రా. ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు మిగతాది పూరిస్తాయి. విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్ సాధారణంగా వారానికొకటి. పొరపాటున రోజూ వేసుకుని ఆసుపత్రి పాలైనవారున్నారు. చీటీ ఇంకోసారి చదవండి. అయితే ఒకసారి పూస నలిగాక తిండి, మాత్రలు మాత్రమే చాలవు. ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ మూడేళ్లలో కొత్త పూసలు నలగడాన్ని 70 శాతం తగ్గించిందని 2007లో తేలింది. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ కూడా బాగా పనిచేస్తుంది, కానీ దాన్ని మధ్యలో మానేస్తే ఎముక వేగంగా కరిగి ఒకేసారి రెండు మూడు పూసలు నలిగే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గింది కదా అని ఆ ఇంజెక్షన్ తేదీ దాటించకండి. ఆపాల్సి వస్తే దాని బదులు ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరును అడిగాకే ఆపాలి.